మూత తెరవకుండా రాసిన ఉత్తర్వు

ఆమె రేడియో లైసెన్సును రద్దు చేశారు. ప్రాణాంతకమైన విద్యుత్తు నిలవ ఉండే యంత్రాన్ని, ఆ విద్యుత్తును హరించే ఏర్పాటేదీ లేకుండా తయారు చేసి ఇచ్చిందని ఉత్తర్వులో రాశారు. ఉత్తర్వు ఒకే పేజీ, పదిహేడు పంక్తులు. యంత్రం మూతకు ఆరు మరలు. ఉత్తర్వు మీద సంతకం పడిన నాటికి ఆ ఆరింటిలో ఒక్కదాన్ని కూడా ఏ అధికారీ విప్పి చూడలేదు.

మోటార్ల రీవైండింగ్ షాపులో ఆమెను అందరూ చుట్లక్క అంటారు. కాలిపోయిన మోటారు బల్ల మీదికి వస్తే మాడిన తీగను కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. చుడుతున్నప్పుడు పలకరిస్తే జవాబు రాదు. పెదవులు మాత్రం కదులుతూ ఉంటాయి. లెక్క తప్పితే మొత్తం విప్పి మొదటినుంచి చుట్టాలి గనక, షాపు యజమాని కూడా ఆమెకు చెప్పవలసింది చేతిసైగలతో చెప్పి పక్కకు తప్పుకుంటాడు.

షాపు మూసేశాక ఆమె మనసంతా ఇంటి వెనక గదిలో ఉంటుంది. సొంత లైసెన్సుతో, ఏ లాభమూ ఆశించకుండా, ఇంట్లో కూర్చుని రేడియో తరంగాల మీద దూరదేశాల వాళ్ళతో మాట్లాడుకునే వాళ్ళను హ్యాములంటారు. ఆమె హ్యామే గాని మాట్లాడేది తక్కువ, తయారు చేసేది ఎక్కువ. చిన్న ట్రాన్స్‌మిటర్ గొంతును పది పదిహేను రెట్లు పెంచి ఏరియల్‌కు పంపే యాంప్లిఫయర్లు ఆమె చేతిలో రూపు దిద్దుకుంటాయి. ఈ రోజుల్లో ఆ పనికి గోరంత చిప్పులు వచ్చాయి. ఆమె మాత్రం పాత పద్ధతి గాజు వాల్వులతోనే చేస్తుంది. అవి వేడిని ఓర్చుకుంటాయి, యంత్రం అమరికలో చిన్న తప్పును క్షమిస్తాయి. ముట్టుకునే మనిషి చేసే తప్పును మాత్రం క్షమించవు. వాటిని పని చేయించాలంటే మూడు వేల వోల్టులు కావాలి.

ఈ విద్యను ఆమెకు నేర్పింది పెదనాన్న. రేడియో కేంద్రంలో పెద్ద ట్రాన్స్‌మిటర్ల దగ్గర పని చేసి రిటైరైన మనిషి. మొదటిసారి వాల్వుకు కరెంటు ఇచ్చిన రోజున ఆమె చేతులు వణికాయి.

"భయమేస్తోందా?" అన్నాడాయన.

"వేస్తోంది పెదనాన్నా."

"ఎంత?"

"చాలా."

"చాలా అంటే ఎన్ని వోల్టులే?"

ఆమె మీటరు వంక చూసింది. "పద్దెనిమిది వందలు."

"ఆఁ, అలా చెప్పు. చాలా అంటే నేనేం చేసుకోను? పద్దెనిమిది వందలంటే నీ చెయ్యి ఎంత దూరంలో ఉండాలో చెప్పగలను."

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన నేర్పిన భయం మాత్రం ఆమె దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. కరెంటు ఒక చేతినుంచి రెండో చేతికి పోయిందంటే దారిలో గుండె ఉంటుంది. అందుకని పెట్టె ముందు నిలబడితే ఎడమచెయ్యి జేబులో దాచుకుని కుడిచేత్తోనే పని చెయ్యాలి. ఆమె భర్త దర్జీ. ఆమె పనికోటుకు ఎడమ పక్కన మాత్రమే జేబు కుట్టి ఇచ్చాడు. దాని మీద అత్తగారికి ఇప్పటికీ కడుపుమంట.

"కట్టుకున్న పెళ్ళాం కోటుకే ఒక జేబు ఎగ్గొట్టాడని నలుగురూ అనుకోరూ? మిగిలిన గుడ్డ ఏం చేశాడని అడగరూ?" అని ఆవిడ వచ్చినవాళ్ళందరి దగ్గరా వాపోతుంది. "మా కోడలికి ధైర్యం ఎక్కువని పేరు. ఏం ధైర్యం! బల్లి మీద పడితే వీధి చివరి దాకా పరుగు. అంత పిరికిది గనకే ఆ పెట్టెల మధ్య ఇన్నేళ్ళు బతికి బట్టకట్టింది."

అత్తగారు వేళాకోళంగా అన్న ఆ మాట అక్షరాలా నిజం. చుట్లక్క తన భయాన్నే పరికరంగా మలుచుకుంది. ఆమె కట్టిన ప్రతి పెట్టెలోనూ ఆ భయం ఏదో ఒక రూపంలో బిగించి ఉంటుంది. రేడియో క్లబ్బుకు కట్టిన యాంప్లిఫయరులో అయితే నాలుగు రూపాల్లో ఉంది.

తుపాను వచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు కబురు అందించేది క్లబ్బు స్టేషనే. దానికి పెద్ద గొంతు కావాలని సెక్రటరీ అడిగాడు. ఆమె ఏడు నెలలు కష్టపడింది. ట్రాన్స్‌ఫార్మరు తానే చుట్టింది. విద్యుత్తును నిలవ చేసే కెపాసిటర్లు ఎనిమిది, ఒక్కొక్కటీ మంచినీళ్ళ గ్లాసంత, వరసగా నిలబెట్టింది. స్విచ్చి ఆపేసినా, ప్లగ్గు పీకేసినా వాటిలో కరెంటు కూర్చునే ఉంటుంది. దాన్ని మెల్లగా తాగేయడానికి ఒక్కో కెపాసిటరుకు ఒక్కో రెసిస్టరు చొప్పున ఎనిమిది అతికింది. అవి తమ పని ముగించడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలు మనిషి ఆగడని ఆమెకు తెలుసు. అందుకే మూతకు రెండు చాలినచోట ఆరు మరలు పెట్టింది. పొడుగాటి మరలు, సన్నటి చుట్లు. ఆరూ విప్పేసరికి మూడు నిమిషాలు దాటాలి. మూత లోపల ఒక ఇత్తడి పట్టీ బిగించింది. మూత ఎత్తగానే ఆ పట్టీ స్ప్రింగులా కిందికి వంగి, మిగిలిన కరెంటును నేరుగా ఎర్త్‌కు కలిపేస్తుంది. ఇవన్నీ చాలవన్నట్టు, చివర రాగికొక్కెమూ ఎర్త్ వైరూ ఉన్న పొడుగాటి చెక్కకర్ర ఒకటి ఇచ్చి, లోపల దేన్నైనా ముట్టుకోబోయే ముందు ఆ కొక్కెంతో తాకించి చూడమంది. మూత మీద తెల్లరంగుతో రాసింది: "ఆరు మరలూ బిగించకుండా ఆన్ చేయవద్దు. ఆపిన తర్వాత మూడు నిమిషాలు ఆగవలెను."

పెట్టెను అప్పగించిన రోజున క్లబ్బు సభ్యులు ఆరుగురిని చుట్టూ నిలబెట్టి అంతా చూపించింది. మూత ఎత్తింది. పట్టీ పడి 'ఠక్'మని చిన్న మెరుపు మెరిసింది. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"అక్కా, ఇది రేడియోనా తుపాకీనా?" అన్నాడు సెక్రటరీ.

"తుపాకీ అనే అనుకోండి. నాకదే హాయి."

హైస్కూల్లో సైన్సు చెప్పే మాష్టారు ఒకాయన చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. "మళ్ళీ ఒకసారి చెప్పక్కా. ఠక్ మంటే?"

"ఠక్ మంటే లోపల ఇంకా ఉన్నట్టు మాష్టారూ. అనకపోతే అయిపోయినట్టు."

మాష్టారు అలాగే రాసుకున్నాడు. ఇంట్లో పరీక్షించినప్పుడు గడియారం పెట్టి కొలిచిన అంకెలు ఆమె నోటుపుస్తకంలో ఉన్నాయి. ప్రయాణంలో కుదుపుకు అతుకులేమైనా వదిలాయేమోనని క్లబ్బులోనూ మరోసారి కొలవాలనుకుంది. పక్క గడి గీసి పెట్టుకుంది. "రేపు చూద్దాంలే అక్కా, ముందు దాని గొంతు విననివ్వండి" అన్నాడు సెక్రటరీ. గడి ఖాళీగా ఉండిపోయింది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేస్తుంటే సెక్రటరీ ఫోన్ చేశాడు.

"అక్కా, మీ పెట్టె మాష్టారిని కొట్టింది."

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. అంతటి భయంలోనూ ఒక్క మాట చెవిలో ముల్లులా దిగింది. మొన్నటి దాకా అది 'మన పెట్టె'. ఆ క్షణాన 'మీ పెట్టె' అయింది.

మాష్టారు బతికాడు. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ తీసేయవలసి వచ్చింది. పడ్డప్పుడు భుజం విరిగింది. ఆ సాయంత్రమే లైసెన్సు కార్యాలయం వాళ్ళు వచ్చి, మూత బిగించి ఉన్న పెట్టె చుట్టూ కాగితపు పట్టీ అంటించి, సీలు వేసి తీసుకుపోయారు. సెక్రటరీ వాంగ్మూలం ఇచ్చాడు. పదకొండో రోజున ఉత్తర్వు వచ్చింది. "విద్యుత్తును హరించు రక్షణ ఏర్పాట్లు నిర్మాత అమర్చలేదని, యంత్రము సమీపమున ఎర్తింగ్ కర్ర సైతము లేదని నిర్ధారించడమైనది." ఉత్తర్వు ప్రతి ఒకటి తదుపరి చర్య నిమిత్తం పోలీసు శాఖకు.

ఆ చివరి ముక్క చదివాక ఆమె భర్త కత్తెర కింద పెట్టేశాడు. "పోలీసులా? నువ్వేం చేశావని?"

"ఏం చెయ్యలేదని రాశారండీ. అదే కదా నేరం."

"నువ్వు పెట్టావు కదా అవన్నీ."

"పెట్టాను." ఉత్తర్వును మళ్ళీ చదివింది. "పెట్టాననే అనుకుంటున్నాను."

ఆ 'అనుకుంటున్నాను' దగ్గర మొదలైంది ఆమె అసలు భయం. ఎనిమిదో రెసిస్టరు అతికిన రోజు ఆమెకు గుర్తులేదు. ఏడోది గుర్తుంది, సోల్డరు బొట్టు వేలి మీద పడి బొబ్బ లేచింది. ఎనిమిదోది ఎప్పుడు? అతికే ఉంటుంది, లేకపోతే ఇంట్లో కొలిచిన అంకెలు సరిపోయేవి కావు. కానీ దారిలో ఊడిపోతే? కొలవని గడి ఒకటి ఉంది కదా. ఆ ఖాళీ గడి ఆమె కళ్ళు మూసినా తెరిచినా ఎదురుగా నిలబడింది. షాపులో చుట్లు లెక్కపెడుతూ వంద దగ్గర ఆగిపోయి, తొంభయ్యా వందా అని తడుముకుని, రెండుసార్లు మొత్తం విప్పేసింది. ఇరవై రెండేళ్ళలో అలా జరగలేదు. ఇంట్లో దీపం స్విచ్చి నొక్కడానికి కూడా వేలి వెనకవైపు వాడటం మొదలుపెట్టింది. వీధిలో మోటారుసైకిలు ఆగితే పోలీసులేమోనని కిటికీలోంచి చూసేది. పెదనాన్న నేర్పిన భయానికి అంకె ఉండేది. దీనికి ఏ మీటరూ లేదు.

గుండె చిక్కబట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మాష్టారి ముఖం చూడటానికి భయం. చూడకపోవడానికి అంతకన్నా భయం. ఆయన కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"రా అక్కా, కూర్చో. ఇకనుంచి బోర్డు మీద నా రాత చూసి పిల్లలు నవ్వడానికి వీల్లేదు. డాక్టరు సర్టిఫికెట్టు ఉంది."

ఆమెకు నవ్వు రాలేదు. "ఏం జరిగింది మాష్టారూ? ఉన్నదున్నట్టు చెప్పండి. నన్ను కాపాడొద్దు" అంది.

"లోపల ఏదో చిటపటలాడుతోందని స్విచ్చి ఆపాను. ప్లగ్గు పీకాను. మూత విప్పాను."

"ఎంతసేపు పట్టింది విప్పడానికి?"

"ఎంతో పట్టలేదు. రెండు మరలే కదా."

"రెండా? ఆరు కదా మాష్టారూ!"

"ఆరు నువ్వు పెట్టావు. ఎగ్జిబిషన్ అయిన దగ్గర్నుంచి రెండే ఉంటున్నాయి. మిగతావి డబ్బాలో పడున్నాయి."

క్లబ్బు వాళ్ళు ఒక రెండు రోజులు జనం కోసం ప్రదర్శన పెట్టిన సంగతి ఆమెకు తెలుసు. షాపులో పంపు మోటార్లు కుప్పపడి ఉండటంతో వెళ్ళలేకపోయింది. "ఎగ్జిబిషన్‌లో మూత తీశారా?"

"తియ్యకపోతే ఏం చూస్తారు జనం? వాల్వు గాజు లోపలి రేకు ఎర్రగా మండుతుంటే చూడాలని పిల్లలూ పెద్దలూ ఎగబడ్డారు. సెక్రటరీయే ఏదో సర్ది ఆన్ చేశాడు."

మూత తీస్తే పట్టీ పడాలి. పట్టీ పడితే పెట్టె పని చెయ్యదు, ఫ్యూజు పోతుంది. పని చేసిందంటే పట్టీని ఎవరో ఆపారన్నమాట. "ఆ రోజు మూత ఎత్తినప్పుడు పట్టీ..."

"అదే చెప్పబోతున్నా. మూత ఎత్తాను, చెవి పెట్టి విన్నాను. ఠక్ మనలేదు. అనకపోతే అయిపోయినట్టేనని కదా నువ్వు చెప్పింది? నా పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఎడమచెయ్యి అంచు మీద వేసి, కుడిచేత్తో వాల్వు నెత్తి పట్టుకున్నా."

ఆయన మాటలో నింద లేదు. రెండు మరలు విప్పడానికి ఒక్క నిమిషం. నిమిషానికి లోపల ఇంకా తొమ్మిది వందల వోల్టులు మిగిలి ఉంటాయి. మాష్టారు మౌనాన్ని విన్నాడు. మౌనానికి అర్థం చెప్పింది తాను. పట్టీ పని చేస్తున్నంత కాలమే ఆ మాట నిజమని, పట్టీ పని చెయ్యకపోయినా అదే మౌనం వస్తుందని చెప్పాలని ఆ రోజు తనకు తోచలేదు. వాల్వుల దగ్గర పెరిగిన తనలాంటివాళ్ళు మాత్రమే నేర్పగల తప్పు అది. తెలియనివాడు శబ్దం కోసం చెవి పెట్టడు, ముట్టుకోడానికే భయపడతాడు.

"కర్ర వాడలేదా మాష్టారూ?" అంది.

"చేతికి అందితే కదా?"

అక్కడినుంచి తిన్నగా క్లబ్బు గదికి వెళ్ళింది. యాంప్లిఫయరు ఉన్నచోట బల్ల మీద దుమ్ములేని చతురస్రం ఒకటి మిగిలింది. ఆమె తల ఎత్తి చూసింది. ఎర్తింగ్ కర్ర గోడ పైభాగాన వెంటిలేటరు రెక్కకు రాగికొక్కెంతో తగిలించి ఉంది. దాని ఎర్త్ వైరును సగానికి కోసి, కిటికీ ఊచకు ముడివేశారు.

సెక్రటరీ కుర్చీలోంచి లేచాడు. "ఇప్పుడిక్కడికి మీరు రావడం అంత బాగుండదేమో అక్కా. కేసు నడుస్తోంది."

"ఆ కర్ర ఎన్నాళ్ళుగా అక్కడుంది?"

"ఏ కర్ర? ఓ, అదా. గాలి రావడం లేదని... చూడండక్కా, చిన్న చిన్న విషయాలు పట్టుకుని..."

"కర్ర లేదని రాశారు ఉత్తర్వులో."

"యంత్రం దగ్గర లేదు అన్నాను. లేదు కదా మరి?"

"మరలు రెండే ఎందుకు బిగించారు?"

"ఇప్పుడు ఆరూ ఉన్నాయి. వెళ్ళి చూసుకోండి."

"ఇప్పుడంటే? మాష్టారిని ఆసుపత్రికి పంపాక మీరు కూర్చుని నాలుగు మరలు బిగించారా?"

సెక్రటరీ నుదుటి మీద చెమట పట్టింది. అది చూసి ఆమెకు కోపం రావలసింది పోయి భయం వేసింది. అతనూ భయపడుతున్నాడు. భయపడినవాడు చేతికందిన దాని వెనక దాక్కుంటాడు. అతని చేతికి తాను అందింది.

"ఎగ్జిబిషన్ రోజు పట్టీ పడకుండా ఏం పెట్టారు?"

"గుర్తులేదు" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఏమడిగినా ఆ ఒక్క మాటే.

చుట్లక్క విన్నపం రాసింది. భర్త తెల్లకాగితాలు తెచ్చాడు. అత్తగారు పక్కన కూర్చుని ప్రతి వాక్యాన్నీ పైకి చదివించుకుంది. ఎనిమిది రెసిస్టర్లు, ఆరు మరలు, పట్టీ, కర్ర, మూత మీది రాత, అన్నీ రాసింది. పెట్టె తెరిచి చూడమని కోరింది. ఆ తర్వాత కలం ఆపి, మరో రెండు వాక్యాలు చేర్చింది: శబ్దం రాకపోతే లోపల విద్యుత్తు లేనట్టేనని తాను చెప్పిన మాట అసంపూర్ణమని, ఆ మాటను నమ్మడం వల్ల కూడా మాష్టారికి హాని జరిగిందని.

"ఇదెందుకే?" అంది అత్తగారు. "ఎవరూ అడగనిదాన్ని నెత్తికెత్తుకుంటావా?"

"ఆయన చెయ్యి చూసి వచ్చానత్తయ్యా."

"చూసి వస్తే? మనసులో బాధపడు. కాగితం మీద పెడితే పీకకు చుట్టుకుంటుంది."

చుట్టుకుంది. నలభయ్యో రోజున ఆమెను కార్యాలయానికి పిలిచారు. అధికారి ఆ రెండు వాక్యాల కింద ఎర్రగీత గీసి ఉంచాడు.

"తప్పు ఒప్పుకున్నారు కదమ్మా. ఇంకేం కావాలి?"

"నేను చెప్పిన మాటలో తప్పు ఒప్పుకున్నాను సార్. పెట్టెలో తప్పు ఉందని మీరు రాశారు. అది ఎలా తెలిసిందో చెప్పండి."

"క్లబ్బు సెక్రటరీ వాంగ్మూలం ఉంది."

"ఆయనకు పెట్టె కట్టడం రాదు సార్. లోపల ఏముందో మూత తీసి చూశారా మీరు?"

"అత్యంత ప్రమాదకరమైన యంత్రమని ఫైల్లో స్పష్టంగా ఉంది. ప్రమాదకరమైనదాన్ని విప్పమని మా సిబ్బందికి ఎలా చెప్తాను?"

"ప్రమాదకరమని మూత తియ్యకుండా ఎలా తెలిసింది సార్?"

"ప్రమాదం జరిగింది కదమ్మా!"

ఆ వాదం తన చుట్టూ తాను తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. చివరకు ఆమె బయటినుంచి ఒక్కసారి చూస్తానంది. గుమస్తా రిజిస్టరులో సంతకం పెట్టించుకుని సామాన్ల గదికి తీసుకెళ్ళాడు. పాత ఫ్యాన్ల మధ్య, నేల మీద, కాగితపు పట్టీలతో ఆమె యాంప్లిఫయరు ఉంది.

ప్లగ్గు పీకి నలభై రోజులు. రెసిస్టర్లు ఎనిమిదీ ఉంటే అది ఇనుపడబ్బాతో సమానం. ఒక్కటి లేకపోతే ఆ ఒక్క కెపాసిటరులో ఇంకా కొంత మిగిలి ఉండవచ్చు. సీలు వేసిన పెట్టె బయటి రేకును తాకినా ఏమీ కాదని ఆమెకు లెక్కతో సహా తెలుసు. తెలిసినా అడుగు పడలేదు. ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, గాలి కోసం పొడిచిన కంతల్లోంచి ఫోను లైటు వేసింది.

రెసిస్టర్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఎనిమిదోది ఉండవలసినచోటు ట్రాన్స్‌ఫార్మరు చాటున ఉంది. తల ఎంత వంచినా కనబడలేదు. లైటును కొంచెం పైకి జరిపింది.

ఇత్తడి పట్టీ కొసకు, కత్తికి ఒర తొడిగినట్టు, నీలిరంగు అట్టముక్క తొడిగి ఉంది. నున్నటి పోస్టుకార్డు, నిలువునా మడిచి, టేపు చుట్టారు. హ్యాములు ఒకరితో ఒకరు మాట్లాడినందుకు గుర్తుగా అచ్చువేసి పంపుకునే కార్డు. ప్రతి క్లబ్బులోనూ అవి కట్టలకొద్దీ ఉంటాయి. బల్ల ఎత్తు సరిచేయడానికీ, టీకప్పు కింద వేయడానికీ అవే చేతికి వస్తాయి. ఈ కార్డు మాత్రం మామూలుది కాదు. ప్రదర్శన కోసం ప్రత్యేకంగా అచ్చువేసినది. మడత బయటికి ప్రదర్శన తేదీలు కనబడుతున్నాయి. ఆమె పెట్టెను అప్పగించినది ఆ తేదీలకు నెల ముందు. అప్పటికి ఆ కార్డు అచ్చే కాలేదు.

అధికారి గదికి తిరిగి వచ్చి చెప్పింది. ఒక్క ముక్కా వదల్లేదు, కనబడని ఎనిమిదోదాని సంగతితో సహా.

"కంతల్లోంచి చూసింది సాక్ష్యం కాదమ్మా."

"కాదు సార్. అందుకే మూత తియ్యమంటున్నాను."

అధికారి ఫైలు మూసి, గుమస్తా వంక చూశాడు. గుమస్తా ఒక నోటీసు ప్రతిని ఆమె చేతికిచ్చాడు. సదరు ప్రమాదకర యంత్రమును వచ్చే గురువారం ఉదయం పదకొండు గంటలకు ధ్వంసం చేయుటకు నిర్ణయించడమైనది.

ఇంటికి వచ్చి ఆ కాగితం కుట్టుమిషను మీద పెట్టింది. భర్త దాన్ని తల్లికి చదివి వినిపించాడు. అత్తగారు అంది, "వాళ్ళు నిజంగానే మూత తీశారే అనుకో. ఎనిమిదోది లేదనుకో. అప్పుడు?"

"లేదని రాయమంటానత్తయ్యా."

"రాస్తే నిన్ను పట్టుకుపోతారు."

"తెలుసు. ఒళ్ళంతా వణుకుతోంది, కనబడటం లేదా?" అంది చుట్లక్క. "అయినా నాకు తెలియాలి. మాష్టారికీ తెలియాలి. సుత్తితో కొట్టేస్తే ఇంకెవరికీ తెలియదు."

లైసెన్సు కార్యాలయపు అధికారులారా, ఈ జీవితకథ ఇక్కడికి ఆగింది. ఇక నడపవలసింది మీరు. గురువారపు ధ్వంసం ఆదేశాన్ని లిఖితపూర్వకంగా నిలిపివేయండి. చుట్లక్క, మాష్టారు, క్లబ్బు సెక్రటరీ, మీతో గాని క్లబ్బుతో గాని సంబంధం లేని ఒక విద్యుత్ నిపుణుడు, ఈ నలుగురి సమక్షంలో ఆ సీలు తీయండి. ఎనిమిది రెసిస్టర్లనూ ఒక్కొక్కటిగా కొలిపించండి. ఎనిమిదోది లేకపోతే లేదనే రాయండి. పట్టీ కొసన ఉన్న కార్డును ఫొటో తీసి, దాని మీది తేదీలను రికార్డులో చేర్చండి. నాలుగు మరలు ఎప్పుడు, ఎవరి చేత బిగించబడ్డాయో, ఎర్తింగ్ కర్ర వెంటిలేటరుకు ఎందుకు వేలాడుతోందో సెక్రటరీని ప్రమాణం మీద అడగండి. పరిశీలన లేకుండా నిర్ధారణ చేసిన ఆ పదిహేడు పంక్తుల ఉత్తర్వును ఉపసంహరించి, పోలీసు శాఖకు పంపిన ప్రతిని వెనక్కి పిలిపించండి. ఆ తర్వాత, దొరికిన వాస్తవాల ఆధారంగా, కారణాలు చూపుతూ, మీ పేరూ హోదా స్పష్టంగా కనబడేలా సంతకం చేసి, కొత్త ఉత్తర్వు ఇవ్వండి. అది ఆమెకు అనుకూలంగా ఉండాలని ఆమె అడగలేదు. చూసి రాయాలని అడిగింది. బుధవారం సాయంత్రం కార్యాలయం మూసే లోపల జవాబు ఇవ్వండి.